నలభై బారల తాడు

జిలానీ మాస్టారికి సముద్రాలన్నీ నాలుక చివరే ఉండేవి. బళ్ళో ముప్పయ్యేళ్ళు భూగోళం చెప్పిన మనిషి మరి! పసిఫిక్ ఒక్కటే భూమ్మీద మూడోవంతు, సగటు లోతు దాదాపు నాలుగు కిలోమీటర్లు, దాని అడుగునున్న అగాధంలో ఎవరెస్టును దించినా శిఖరం నీళ్ళలోనే. అడగడమే ఆలస్యం, గడగడా అప్పజెప్పేసేవాడు.

రిటైరై రేవు దర్గాలో నూర్ బాబా దగ్గర శిష్యుడిగా చేరిన అయిదేళ్ళకి, మనసులో మాట బయటపెట్టాడు.

"బాబా, శుక్రవారం జనానికి నాలుగు మాటలు చెప్పే పని నాకివ్వండి. నాకు తెలిసినంత ఇక్కడెవరికి తెలుసు?"

"ఇస్తాను. మన రేవు ముందు నీళ్ళ లోతెంతో చెప్పు, చాలు."

"ఇంతేనా!"

మిట్టమధ్యాహ్నం ఇద్దరూ జాలరి ఎల్లాజీ పడవలో బయల్దేరారు. గాలి లేదు, అల లేదు, ఒక్క పక్షయినా లేదు. సముద్రం నూనె పోసినట్టుంది.

ఎల్లాజీ సీసపు గుండు కట్టిన తాడు చుట్ట అందించాడు. "నలభై బారలు మాస్టారూ. చేతులు రెండూ చాపితే బార. లెక్క తప్పకండి."

"నాకా లెక్కలు చెప్తున్నావు!"

మాస్టారు తాడు వదిలాడు. పది. ఇరవై. నలభై. చుట్ట అయిపోయింది, గుండు నేలకి తగల్లేదు.

ఎల్లాజీ మొహం పాలిపోయింది. "నిన్న ఇక్కడే పన్నెండు బారలకి తగిలిందండీ."

"పైకి లాగు," అన్నాడు బాబా.

మాస్టారు బిగ్గరగా లెక్కపెడుతూ లాగాడు. ముప్పై తొమ్మిది. నలభై.

గుండు రాలేదు. తాడు వస్తూనే ఉంది.

నలభై ఒకటి. నలభై రెండు. ఇప్పుడొచ్చేది ఎల్లాజీ తాడు కాదు. నల్లగా, నాచు పట్టి, మంచుగడ్డలా చల్లగా ఉంది.

"బాబా... మన తాడు అయిపోయింది."

"మరి ఇదెవరిది?"

 అప్పుడు తాడు అటునుంచి మెల్లిగా బిగిసింది. ఒక బార కిందికి పోయింది. ఆగింది. ఇంకో బార పోయింది. ఆగింది. అడుగున ఎవరో తీరిగ్గా కొలుచుకుంటున్నట్టు.

"వదిలెయ్యండి మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను!" అన్నాడు ఎల్లాజీ.

మాస్టారు చేతులు తెరిచాడు. పడవలో పోగుపడ్డ తాడంతా, కొసతో సహా, చప్పుడు లేకుండా జారిపోయింది.

శుక్రవారం వచ్చింది. దర్గా నిండా జనం. బాబా తన పక్కన చాప తట్టి చూపించాడు.

"లోతు చూసొచ్చావుగా, రా మాస్టారూ. చెప్పు."

మాస్టారు అందరికంటే వెనక, గుమ్మం పక్కన కూర్చున్నాడు.

"నేను వింటాను బాబా."

అరచేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి.