నల్లమ్మ పెద్దమ్మ పేరుతో వచ్చిన మూట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులికీ ఫోన్ ఉంది, పిచుకకీ ఫోన్ ఉంది. పొద్దున్నే బండ మీద ఎండలో వాటికి ఛార్జింగ్ పెట్టుకుని, వేరే అడవుల్లో ఉన్న చుట్టాలతో మెయిళ్లు నడుపుకునేవి.

అయితే బయటి నుంచి వచ్చే మెయిల్ ఏదీ నేరుగా ఎవరి ఫోన్‌కూ వెళ్లేది కాదు. ముందు వాగు పైనున్న గుహకు వచ్చేది. ఆ గుహలో మంకెన అనే ముంగిస ఉండేది. మెయిళ్లను జల్లెడ పట్టడమే మంకెన పని.

మెయిళ్లను జల్లెడ పట్టడం ఏమిటి అంటారా? చెబుతాను. మెయిల్‌తో పాటు కొందరు ఒక పాటో, ఒక ఫొటోనో కట్టి పంపుతారు. ఆ మూటను అటాచ్‌మెంట్ అంటారు. మూటలో నిజంగా పాటే ఉండొచ్చు. పాట వేషం వేసుకున్న వైరస్ కూడా ఉండొచ్చు. వైరస్ అంటే ఫోన్‌లోకి దూరి, దాన్ని పాడుచేసి, అక్కణ్ణించి ఇంకో ఫోన్‌లోకి గెంతే దొంగ.

అందుకని మంకెన గుహలో ఒక మూలన పాత ఫోన్ ఒకటి విడిగా పెట్టుకుంది. దానికి ఏ ఫోన్‌తోనూ సంబంధం లేదు. మెయిల్‌లోని మాటలను పంపేసి, వచ్చిన ప్రతి మూటనీ మాత్రం ముందు అందులో విప్పేది. పాటైతే పాడుతుంది, ఫొటో అయితే కనబడుతుంది. వైరస్ అయితే ఆ పాత ఫోన్ ఒక్కటే గిలగిలా కొట్టుకుని ఆగిపోతుంది. మంకెన ఆ మూటను చెరిపేసి, పాత ఫోన్‌ను శుభ్రం చేసుకుని, "ఊఁ, తరవాతిది రా" అనేది.

ఈ పనికి మంకెన అంత ప్రాణం పెట్టడానికి కారణం ఉంది. వాగు ఒడ్డున ఒక ఫోన్‌కు గంట కట్టి ఉంది. కొండ మీద వాన పడి నీళ్లు పొంగితే, ఎగువ చెరువు దగ్గరున్న శంఖయ్య కొంగ వెంటనే మెయిల్ పెడతాడు. మెయిల్ రాగానే గంట మోగుతుంది. గంట వినగానే ఒడ్డు మీద బొరియల్లో ఉండే కుందేళ్లు పిల్లల్ని తీసుకుని మెరకకు వెళ్లిపోతాయి. ఆ ఫోన్‌లో వైరస్ దూరిందంటే ఇక గంట మోగదు.

ఒకరోజు గంగులు అనే కోతికి మెయిల్ వచ్చింది. "మీకు లారీడు అరటిగెలలు బహుమతి. కింద ఉన్న మూట విప్పండి" అని ఉంది అందులో. మంకెన మూట విప్పింది. పాత ఫోన్ కొట్టుకుని ఆగిపోయింది.

సాయంత్రం గంగులు గుహ ముందుకు వచ్చాడు.

"ఏమే మంకెనా, నా గెలలేవీ?" అన్నాడు.

"వైరస్ బాబాయ్. చెరిపేశాను."

"నువ్వే తినేసి ఉంటావు."

"నేను అరటిపండు తినను కదా బాబాయ్."

గంగులు తల గోక్కున్నాడు. "అదీ నిజమేలే" అని చెట్టెక్కాడు.

ఇంకోరోజు నెమలికి మెయిల్ వచ్చింది. "మీ ఈకలకు పన్ను కట్టలేదు. వివరాలు మూటలో ఉన్నాయి" అని రాసి ఉంది. పాపం, నెమలి తోక ముడుచుకుని వణికిపోయింది. మంకెన ఆ మూటనూ పాత ఫోన్‌లో విప్పి, అది కూడా వైరసే అని తేల్చింది. "ఈకలకు పన్నేమిటి పిన్నీ, హాయిగా పురి విప్పుకో" అని నవ్వింది.

ఇక మిగిలింది నల్లమ్మ పెద్దమ్మ మెయిళ్ల సంగతి.

నల్లమ్మ పెద్దమ్మ ఎలుగుబంటి. కొండ అవతలి అడవిలో ఉంటుంది. తల్లి లేని మంకెనను తన బొచ్చులో పడుకోబెట్టుకుని పెంచింది ఆవిడే. ఆవిడ మెయిల్ పెడితే ఒక ఫొటోతో ఆగదు. పూసిన ఇప్పచెట్టు, కాసిన ఇప్పచెట్టు, ఆ చెట్టు కింద తను, తన పక్కన కుక్కగొడుగు, ఇలా అడవిలో అందరికీ బోలెడు ఫొటోలు పంపుతుంది. అన్నీ విప్పి చూసేసరికి మంకెనకు మధ్యాహ్నం అయిపోయేది. ఈలోపు "ఫొటోలేవీ?" అని చెట్ల మీద గోల మొదలయ్యేది.

ఆ అడవిలో ఒక మర్యాద ఉంది. చుట్టం మూట తెస్తే గడపలో విప్పి చూడరు. రెండు చేతులా అందుకుని లోపలికి తీసుకెళ్లి, అందరూ చుట్టూ కూర్చున్నాక విప్పుతారు. గడపలోనే విప్పితే ఆ చుట్టాన్ని దొంగను చేసినట్టే.

నీటిగుంట దగ్గర అందరూ చేరినప్పుడు గంగులు ఆ మాటే ఎత్తాడు.

"నల్లమ్మ వదిన ఫొటోలు పొద్దున పెడితే మాకు సాయంత్రం వస్తున్నాయి. ఏమంటే, ఈ పిల్ల విప్పి చూస్తోందట. చుట్టం మూటను గడపలో విప్పడం ఎక్కడైనా ఉందా?"

"అందరివీ చూస్తాను బాబాయ్" అంది మంకెన.

"అందరూ, మీ పెద్దమ్మా ఒకటేనా నీకు?"



పక్కనే నీళ్లు తాగుతున్న జింక తల ఎత్తి, "పెంచిన చేతిని అనుమానించడం ఏం బాగుంటుందే మంకెనా. ఆవిడకు తెలిస్తే ఎంత బాధపడుతుంది" అంది. కోపంగా అనలేదు. మెత్తగానే అంది. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది.

మంకెన గుహకు వచ్చి చాలాసేపు కూర్చుంది. పెద్దమ్మ బొచ్చులోని వెచ్చదనం గుర్తొచ్చింది. ఆ పెద్దమ్మ మూటలనా తను ఇన్నాళ్లూ సోదా చేసింది? సిగ్గేసింది. లేచి వెళ్లి, వచ్చే మూటలను గుహలో ఆపే జల్లెడకు ఒక కొత్త మాట నేర్పింది: 'నల్లమ్మ పెద్దమ్మ పేరుతో వచ్చే మూటలను ఆపొద్దు. నేరుగా పంపేయ్.'

"ఒక్క పేరేగా" అనుకుంది.

కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. ఫొటోలు వెంటవెంటనే వెళ్తున్నాయి. గంగులు కనబడినప్పుడల్లా "మా మంకెన బంగారం" అంటున్నాడు.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ పేరుతో గంగులుకు ఒక మెయిల్ వచ్చింది. జల్లెడ దాన్ని ఆపలేదు. అది దాటి పోతుంటే మంకెన ఊరికే ఒకసారి చదివింది. పెద్దమ్మ ఎవరికి రాసినా "నా బంగారుకొండా" అని మొదలుపెడుతుంది. ఇందులో "గౌరవనీయులైన వినియోగదారునికి, ఈ పాట వెంటనే వినండి" అని ఉంది.

మంకెన గబుక్కున పాత ఫోన్ వైపు చెయ్యి చాచింది. కానీ మెయిల్ అప్పటికే వెళ్లిపోయింది.

గంగులు మూట విప్పాడు. పాట రాలేదు. ఆ మూటే గంగులు పేరు పెట్టుకుని, గంగులు ఫోన్‌లో ఉన్న పదిమందికీ వెళ్లింది. అడవి లోపలి మెయిళ్లకు జల్లెడ లేదు కదా. "గంగులు ఏదో పాట పంపాడు" అని ఆ పదిమందీ విప్పారు. ఒక్కొక్కరి నుంచీ మళ్లీ పదిమందికి వెళ్లింది. పది వంద అయింది. వంద అయ్యాక ఇక ఆ అడవిలో మిగిలిన ఫోన్ ఎక్కడుంది?

జల్లెడ తెర మీద మంకెన కళ్ల ముందే ఫోన్లు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. అది వాగు ఒడ్డు ఫోన్‌కు పలకరింపు పంపింది. జవాబు లేదు. మళ్లీ పంపింది. లేదు.

బయటికి వచ్చి కొండ వైపు చూసింది. మబ్బు దట్టంగా ఉంది. అక్కడ వాన పడుతోందో లేదో ఇక్కణ్ణించి కనబడదు. వరద వస్తుందో రాదో తెలియదు. ఆ తెలియకపోవడానికే మంకెనకు భయం వేసింది. పరుగు తీసింది.

దారిలో గంగులు కొమ్మ మీద కూర్చుని ఫోన్‌ను దులుపుతున్నాడు.

"పాట రావట్లేదేమే?" అన్నాడు.

"బాబాయ్, దిగు. కుందేలు పిల్లల్ని మోయాలి."

మంకెన మొహం చూసి గంగులు ఇంకేమీ అడగలేదు. దిగి వెంట పరిగెత్తాడు.

దూదక్క కుందేలు బొరియ ముందు గడ్డి ఎండబెడుతోంది. లోపల ఇంకా కళ్లు తెరవని పిల్లలున్నాయి.

"అక్కా, మెరకకు పోదాం పద" అంది మంకెన.

"గంట మోగలేదు కదే."

"మోగదక్కా. నీళ్లు వచ్చినా ఈ రోజు మోగదు. నా వల్లే."

దూదక్క ఒక్క క్షణం మంకెనను చూసింది. చేతిలో గడ్డి అక్కడే పడేసింది. లోపలికి వెళ్లి ఒక పిల్లను తెచ్చి మంకెన నోటికి అందించింది.

"ముంగిస నోట్లో కుందేలు పిల్లను పెట్టే రోజు వస్తుందనుకోలేదు. జాగ్రత్తే" అంది.

మంకెన పళ్లు తగలకుండా పెదవులతో పట్టుకుని మెరక మీదికి పరిగెత్తింది. గంగులు రెండు చంకల్లో రెండు పిల్లల్ని పెట్టుకున్నాడు. దూదక్క కేక వేసి మిగతా బొరియల వాళ్లనూ లేపింది. కిందికి వెళ్లడం, పైకి రావడం, మళ్లీ కిందికి వెళ్లడం. గంగులు ఆఖరి పిల్లను ఎత్తుకుని వస్తుండగా వాగు రంగు మారింది. ఎర్రటి నీళ్లు కొమ్మల్నీ రాళ్లనూ దొర్లించుకుంటూ వచ్చాయి. బొరియలు బుడగలు వదిలి మునిగిపోయాయి. చలికాలానికి దాచుకున్న గడ్డి అంతా కొట్టుకుపోయింది.

పిల్లలు మాత్రం అన్నీ మెరక మీద ఉన్నాయి. దూదక్క ఒక్కొక్క పిల్లనూ ముక్కుతో తడిమి చూసుకుంది. చూసినదాన్నే మళ్లీ చూసుకుంది.

అప్పటికి శంఖయ్య కొంగ తడిసిన రెక్కలతో రొప్పుతూ వచ్చి వాలాడు. "మెయిల్ మీద మెయిల్ పెట్టాను. ఒక్కరూ పలకరే. ఏమైపోయారోనని నేనే ఎగిరొచ్చాను" అన్నాడు.

మంకెన అందరి ముందూ తల వంచుకుని, "పేరు చూసి వదిలేశాను. లోపల ఏముందో చూడలేదు" అంది.

"వదిలెయ్యమన్నది నేనే కదే" అన్నాడు గంగులు. తోక ముడుచుకుని దూరంగా కూర్చున్నాడు.

మర్నాడు మంకెన ఒక్కొక్క ఫోన్‌నే శుభ్రం చేస్తూ ఉంటే, కొండ దిగి నల్లమ్మ పెద్దమ్మ వచ్చింది. ఒళ్లంతా బురద. కబురు విని వానలోనే బయలుదేరిందట. ఆవిడను చూడగానే మంకెన గుహ మూలకు వెళ్లి గోడ వైపు తిరిగింది.

"ఇలా రా" అంది పెద్దమ్మ.

"రాను."

"నా ఫోన్‌లో కూడా దూరిందే ఆ దొంగ. మా చెల్లెలి పేరుతో వచ్చింది. నేనూ విప్పేశాను. నా పేరు పెట్టుకుని మీ మీద పడింది. మరి నువ్వెందుకు విప్పి చూడలేదు?"

మంకెన గోడ వైపే చూస్తూ, "నీ మూట విప్పితే నిన్ను అనుమానించినట్టు అవుతుందన్నారు" అంది.

పెద్దమ్మ నవ్వింది. గుహ అంతా వెచ్చబడినట్టయింది.

"నీ చిన్నప్పుడు తేనెపట్టు తెచ్చేదాన్ని, గుర్తుందా? నీ నోట్లో పెట్టేముందు తుంచి, వెలుతురుకు పెట్టి, తేనెటీగ ముల్లు ఏదైనా ఉందేమో అని వెతికి వెతికి పెట్టేదాన్ని. అది తేనెటీగల మీద అనుమానమా, నీ మీద ప్రేమా?"

మంకెన వెనక్కి తిరిగింది. పెద్దమ్మ చేతులు చాచింది. మంకెన వెళ్లి ఆ బొచ్చులో మొహం దాచుకుంది.

పెద్దమ్మ వెళ్లిపోకుండా అక్కడే ఉండిపోయింది. తన గోళ్లతో మెరక మీద కుందేళ్లకు కొత్త బొరియలు తవ్వి పెట్టింది. గంగులు రోజూ మారుమాట్లాడకుండా గడ్డి మోశాడు. మంకెన జల్లెడకు నేర్పిన ఆ మాటను తీసేసింది. అడవి లోపల తిరిగే మెయిళ్లకు కూడా జల్లెడ పెట్టింది.

ఒకరోజు పెద్దమ్మ గుహ ముందు కూర్చుని, తన ఫోన్‌తో ఒక ఫొటో తీసి అందరికీ పంపింది. అది జల్లెడలో ఆగింది. మంకెన పాత ఫోన్‌ను దగ్గరికి లాక్కుంది.

చెట్టు మీద నుంచి జింక పిల్లలకు కాయలు రాలుస్తున్న గంగులు కిందికి చూశాడు. "ఆవిడ నీ పక్కనే కూర్చుంది కదే. నీ కళ్ల ముందే పంపింది" అన్నాడు.

మంకెన పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ కాళ్లు బారజాపుకుని, రాతికి వీపు ఆనించి, తీరిగ్గా సర్దుకుంది.

"ఉండు గంగులూ" అంది. "మా అమ్మాయి చూస్తోంది."

అందరూ ఆగారు. పాత ఫోన్‌లో ఫొటో మెల్లగా తెరుచుకుంది. కొత్త బొరియలోంచి కుందేలు పిల్లలు తొంగి చూస్తున్నాయి. వాటి కళ్లు తెరుచుకున్నాయి. మంకెన కాసేపు దాన్ని తనివితీరా చూసుకుని, తరవాత అడవి అంతటికీ పంపింది.

నీతి: మూట మీద ఎంత ఇష్టమైన పేరు ఉన్నా, అందులో ఏముందో చూశాకే లోపలికి రానివ్వాలి. అలా చూడటం మనవాళ్లను అవమానించడం కాదు, కాపాడుకోవడం.