తల లేని చేతులు

ఉమామహేశ్వరం గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "చూద్దాం పట్టు" అంటారు. పక్షవాతం వచ్చినవాళ్ళను లేపి నడిపించడంలో గోదావరి పక్క ఊళ్ళన్నిటికీ తల పండిన డాక్టరు ఆయన. ఆ "చూద్దాం పట్టు" వింటే శిష్యురాలు కౌముదికి మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

ఆరోజు ఆమె ఇలా అడిగింది. "గురువుగారూ, నా వీడియో ఊళ్ళకు ఊళ్ళే చూస్తున్నాయి. చేతులు మాత్రం లేవడం లేదు. చూసేవాళ్ళు చెయ్యాలంటే ఏం కావాలి?"

సంగతేమిటంటే, చెయ్యి పడిపోయినవాళ్ళు రోజూ ఆసుపత్రికి రాలేరు. ఆటో ఎక్కించి దించేసరికే ఇంటిల్లిపాదికీ తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని చేతి కసరత్తులు వీడియో తీసి ఫోన్లకు పంపుదామని కౌముది అనుకుంది. గురువుగారు సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. ప్రతి కసరత్తుకూ ముందూ వెనకా చూసేవాళ్ళకేసి తిరిగి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాలి. ఈయన పాతకాలం మర్యాద కెమెరా ముందు కూడా వదల్లేదని కౌముది నవ్వుకుంది. అయినా పెట్టింది. తీరా చూసుకుంటే వీడియోలో సగం దండాలే. ఇంత సాగదీస్తే ఎవరు చూస్తారని, ఆయనకు చెప్పకుండా ఇంకొకటి తీసింది. అందులో దండాలు లేవు, కుశలప్రశ్నలు లేవు, చివరికి తన మొహమూ లేదు. తెరనిండా రెండు చేతులు, వెనక వీణ. చూడముచ్చటగా వచ్చింది. చూసేవాళ్ళు ఇబ్బడిముబ్బడిగా పెరిగారు. ఆ సంబరంలో పాతదాన్ని తీసేసి, అందరి ఫోన్లకూ కొత్తదే పంపింది.

గురువుగారు అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూద్దాం పట్టు. గంగరత్నానికి ఫోన్ కలుపు" అన్నారు.

గంగరత్నం పూతరేకులు తీసే మనిషి. పొయ్యి మీద కుండ బోర్లించి, పిండిపాలలో ముంచిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని ఇలా పరిచి అలా లాగితే పల్చటి రేకు వస్తుంది. ఆమె తీసిన రేకులోంచి పేపరు చదువుకోవచ్చని చుట్టుపక్కల చెప్పుకునేవాళ్ళు. కుడిచెయ్యి పడిపోయాక ఆ కుండ కోడలు శాంతకుమారికి వచ్చింది. ఆ పిల్ల పాపం ఒళ్ళు దాచుకోదు గానీ, రేకులు మాత్రం దుప్పట్లలా వస్తున్నాయి. "మళ్ళీ నా చేత్తో ఒక్క రేకు తీత్తే చాలు తల్లీ, ఇంకేమీ అడగను" అని గంగరత్నం ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ మాట గుర్తొస్తే కౌముదికి అన్నం సయించేది కాదు.

ఫోను తెర మీద గంగరత్నం కనిపించింది. అరుగు మీద నులకమంచం, మంచం మీద ఆవిడ, ఆవిడ ఒళ్ళో కుడిచెయ్యి.

"ఏమ్మా, ఎంతవరకు లేస్తోంది? ఏదీ, ఎత్తండి చూద్దాం" అంది కౌముది.

"ఎక్కడమ్మా! ఒళ్ళో పడుకుని లేవనంటంది."

ఫోను పట్టుకున్న కోడలి గొంతు వినిపించింది. "పాత వీడియో అప్పుడు గుండెలదాకా వచ్చేదండి మేడంగారూ. కొత్తది వచ్చాక మా అత్త చూసి ఊరుకుంటందండి."

కౌముదికి అప్పుడర్థమైంది. తను అంత ముచ్చటపడి తీసిన వీడియో ఆ చేతిని మళ్ళీ ఒళ్ళో పడేసిందన్నమాట.

అప్పుడు ఉమామహేశ్వరం గారు ఆమె భుజం మీదుగా వంగి, ఫోనుకేసి చూసి, రెండు చేతులూ జోడించారు. "నమస్కారం గంగరత్నమ్మా."

"అయ్యయ్యో, పెద్ద డాక్టరుగారే!" గంగరత్నం కంగారుపడిపోయింది. ఎడమచెయ్యి గబుక్కున వెళ్ళి కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పైకి లాక్కొచ్చింది. రెండు అరచేతులూ గుండెల ముందు కలిశాయి. గురువుగారు చేతులు దించలేదు. అంతటి పెద్దాయన దించకుండా తను దించడమెలా? ఆవిడా దించలేదు. ఇంతలో గాలికి తలమీది కొంగు జారింది. సర్దుకుందామని ఎడమచెయ్యి అటు వెళ్ళింది. కుడిచెయ్యి మాత్రం వణుకుతూ వణుకుతూ, ఏ ఆసరా లేకుండా, గుండెల దగ్గరే నిలబడింది.

"అత్తా! నీ చెయ్యి!" అని కోడలు పెట్టిన కేకకు అరుగు కింద కోళ్ళు బెదిరిపోయాయి. ఫోను గిర్రున తిరిగి ఇంటి చూరు కనిపించింది. మళ్ళీ తిన్నగా అయ్యేసరికి గంగరత్నం తన చేతికేసి, పొరుగింటి చెయ్యేదో తన ఇంటికి వచ్చినట్టు చూస్తోంది. కోడలు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. కౌముది పరిస్థితీ అంతే.

"మరి కొత్త వీడియో చూసి ఎందుకు చెయ్యలేదమ్మా?" అని అడిగింది తేరుకున్నాక.

"తల లేని చేతులకి దణ్ణం ఎవరు పెడతారు తల్లీ? పాతదాంట్లో నువ్వు నాకేసే చూసి పెట్టేదానివి. అంత చదువుకున్న డాక్టరమ్మ దణ్ణం పెడితే గుడ్లప్పగించి కూకుంటానా? పోనీ ఎడంచేత్తో పెడదామంటే అదేం మర్యాద? అందుకని దీన్ని లాక్కొచ్చి కలిపేదాన్ని."

"మరి మధ్యలో కసరత్తులో?"

"అయ్యి నువ్వు చేత్తన్నావు కదమ్మా! పంతులుగారు మన పేరున పూజ చేత్తే మనం చూసి కళ్ళకద్దుకోమా? అలాగే చూసేదాన్ని."

కౌముది నవ్వాపుకోలేకపోయింది. ఎంత కష్టపడి నేర్పిన కసరత్తులు! ఆ తల్లి వాటిని కళ్ళకద్దుకుందట. తను తీసేసిన దండం మాత్రం చెయ్యి పట్టుకుని లేపిందట.

ఆ సాయంత్రమే పాత వీడియో మళ్ళీ ఫోన్లకు వెళ్ళింది. దాని వెనకే ఇంకో కొత్తది. అందులో తన మొహం ఉంది, దండాలున్నాయి, "మీ పేరున నేను చేస్తే కుదరదమ్మా, మీరే చెయ్యాలి" అన్న మాటా ఉంది.

కార్తీకమాసంలో గంగరత్నం ఆటో దిగి, అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చింది. "నేను తీసినయ్యేనండి, కోడలివి కాదు" అని ముందే చెప్పేసింది. రేకులు అక్కడక్కడా చిరిగాయి, ఒకటి మరీ మందంగా వచ్చింది. ఆసుపత్రి అంతా పంచుకుని తిన్నారు. నెయ్యీ బెల్లమూ అంటిన వేళ్ళతో అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

ఆవిడ వెళ్ళాక కౌముది గురువుగారి పక్కన కూర్చుంది. "ఒక్క చిక్కుందండి. ఫోన్లో మీకు గంగరత్నం కనిపించింది. కెమెరా ముందు నాకెవరూ కనిపించరు. నమస్కారం పెట్టి అలాగే ఉంటే, వీడియో ఆగిపోయిందా అని అడుగుతున్నారు. చేతులు ఎప్పుడు దించమంటారు?"

ఉమామహేశ్వరం గారు ఈసారి కళ్ళజోడు తుడవలేదు. ఆఖరి పూతరేకు ముక్క నోట్లో వేసుకుని అన్నారు:

"కనిపించేదాకా దించకు."