ధూపకొండ మీద మంచు

"తాతా, ఏం చూపిస్తే ఈ జనం తృప్తిగా ఇళ్ళకి పోతారు?"

ధూపకొండ జాతీయ ఉద్యానవనంలో గైడుగా ఉన్న లచ్చన్న, అక్కడి గైడులందరికీ దారులు నేర్పిన కత్తుల సోమిరెడ్డిని ఇలా అడిగాడు. అభిప్రాయాల పుస్తకంలో లచ్చన్న మీద అప్పటికే తొమ్మిది ఫిర్యాదులు. పదోది పడితే పని తీసేస్తానని రేంజరు చెప్పేశాడు. ఆ తొమ్మిదిలో అన్నిటికన్నా పొడుగైనది నాదే. మంచు పట్టి ఏమీ కనబడలేదని, మంచుని తిట్టలేక, లచ్చన్నని పేజీన్నర తిట్టాను. అక్షరదోషాలు పన్నెండట.

"ఏం చేయమన్నా చేస్తాను, ఈ కొండని మాత్రం వదల్ను" అన్నాడు లచ్చన్న.

సోమిరెడ్డి ఒక కరక్కాయ ముక్క అతని చేతిలో పెట్టాడు. "రేపు జనాన్ని నేను తీసుకెళ్తా, నువ్వు వెనకాల నడు. ఇది బుగ్గన పెట్టుకో. దిగొచ్చేదాకా ఉమ్మకు."

మర్నాడు గేటు దగ్గర పదకొండు మందిమి. సిగ్గులేనివాణ్ణి కనక నేనూ ఉన్నాను. పులి అడుగులు, అడవిదున్నలు, ఏడు శిఖరాలు, జలపాతం అని లచ్చన్న రోజూ అప్పజెప్పే చోట నిలబడి, "పైన మంచు పట్టింది. ఏమీ కనబడకపోవచ్చు. వచ్చేవాళ్ళు రండి" అన్నాడు ముసలాయన.

"ఇంత దూరం వచ్చాం, పులైనా కనబడదా పెద్దాయనా?" అంది రాజమండ్రి నుంచి వచ్చిన ఒకావిడ.

"పులి సంగతి పులినే అడగాలమ్మా. నాకు తెలిసింది దారి."

ఇద్దరు వెనక్కి పోయారు. మిగిలినవాళ్ళం ఎక్కాం. సగం దారిలో కొమ్మ కదిలింది. లచ్చన్న నోరు తెరవబోయి, ముసలాయన చూపు తగిలి, కరక్కాయ వగరంతా మింగి ఊరుకున్నాడు. కాసేపటికి ఆవిడే "అబ్బో, ఎంత ఉడతో!" అని కేక వేసింది. నేను దాన్ని కోతి అనుకున్నాను.

పైన నిజంగానే తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. సోమిరెడ్డి కూర్చున్నాడు, మేమూ కూర్చున్నాం. ఎక్కడో కింద నీళ్ళు పడుతున్న చప్పుడు మెల్లగా చెవిన పడింది. ఉన్నట్టుండి మంచు పక్కకి జరిగి, లోయలో ఏరు తళుక్కుమని, మళ్ళీ మూసుకుపోయింది. అంతే. ఎవరూ లేవలేదు.

దిగొచ్చాక ఆవిడ పుస్తకంలో రాసింది: "ఏమీ కనబడలేదు. పిల్లల్ని తీసుకుని మళ్ళీ వస్తాం."

పదో ఫిర్యాదు పడలేదు. లచ్చన్న కరక్కాయ ఉమ్మేసి ఉడుక్కున్నాడు. "నేను నాలుగు చోట్లు తిప్పి చూపిస్తే తిట్టారు. నువ్వు మంచులో కూర్చోబెడితే మెచ్చుకున్నారు. ఇదేం న్యాయం తాతా?"

సోమిరెడ్డి చెప్పుల్లో రాళ్ళు దులుపుకుంటూ అన్నాడు: "నువ్వు గేటు దగ్గరే కొండ మొత్తం చూపించేస్తావురా. ఎక్కాక పాపం, వాళ్ళకేం మిగుల్తుంది?"