ఆకు రాల్చని చెట్టు

రండి, రండి! ఆ గోడకు ఆనుకున్నవాళ్లు కూడా ముందుకు జరగండి. సంచులు పక్కన పడేసి కూర్చోండి. ఇవాళ ఒక చాటు కథ చెబుతాను. చాటు అంటే దాక్కోవడానికే కాదు, పచ్చగా బతకడానికి!

ఊరి చివర ఒక దొడ్డి. అందులో చుక్కలకోడి, ఒక ముసలి ఎద్దు. దొడ్డి వెనక జొన్నచేను, చేను అవతల నక్క. మధ్యలో ఉండాల్సిన తాటాకు దడి గాలివానకు ఎప్పుడో కూలిపోయింది. కిందటి ఫాల్గుణంలో కోడి పదకొండు పిల్లల్ని చేసింది. అవి ఎప్పుడు మేతకొస్తాయో, ఏ మూల పడుకుంటాయో నక్క చేలోంచి రోజూ చూసింది. ఉగాదికి మిగిలినవి నాలుగు.

శ్రావణం రాగానే కోడి పట్టుబట్టింది.

"దొడ్డి వెనక చెట్లు పెడతాను! ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి. ఒక్కనాడూ ఆకు రాల్చకూడదు. నా పిల్లలు ఏ కంటికీ కనబడకూడదు!"

నక్క విననే విన్నది. పరుగున వచ్చింది.

"ఎంత మంచిమాట అన్నావు, చెల్లెమ్మా! మాంసం తిననని నేను రోజూ పొద్దున్నే ఒట్టు పెట్టుకుంటాను. అంతలో నువ్వు కనబడతావు, మధ్యాహ్నానికి ఒట్టు పోతుంది. చాటు ఉంటే ఇద్దరికీ మంచిది!"

"మరి ఇప్పుడు నోట్లోంచి ఆ నీళ్లేమిటి?"

"వానకు తడిశాను, చెల్లెమ్మా!"

"సరే, దూరంగా నడువు నక్కన్నా. ఏ చెట్టు పెట్టమంటావు?"

చేనుగట్టు మీద ఒక మోదుగ, దాని పక్కనే ఒక వాక్కాయ పొద ఉన్నాయి.

"మోదుగ పెట్టు! ఆకులు చూశావా, విస్తళ్లు కుట్టేవి. ఒక్కో ఆకు వెనక ఒక్కో పిల్ల దాక్కోవచ్చు!"

"వాక్కాయ పెడితే?"

"అయ్యో, దాని కింద చూడు."

కోడి మెడ వంచి చూసింది. వాక్కాయ పొద కింద పండుటాకులు, ఎండుటాకులు. మోదుగ కింద తుడిచినట్టుంది!

"ఆకు రాల్చని చెట్టు కావాలన్నావు. ఏది రాల్చిందో నువ్వే చెప్పు," అంది నక్క.

"అవును సుమా!" అని కోడి ఎగిరి గంతేసింది. ఏం పిల్లలూ, మీరైనా అలాగే అనేవాళ్లు కదూ? నేనూ అనేవాణ్ణే!

ఆ గంతుతోనే ఎద్దు దగ్గరికి పరుగు. "తాతా! చెట్టు దొరికింది! మోదుగ!"

ఎద్దు నెమరేస్తోంది.

"తాతా! నీ నెమరు అయ్యేసరికి నా గుడ్లు పిల్లలవుతాయి, పలకవేం?"

ఎద్దు మింగింది. "ఎవరు చూపించారే?"

"నక్కన్న."

"ఎప్పుడు చూశావు?"

"ఇప్పుడే!"

"శ్రావణంలో పచ్చగా లేని చెట్టేదో చెప్పు, అమ్మాయ్. నేను ఫాల్గుణంలో పెంటబండి లాగినవాణ్ణి. మిట్టమధ్యాహ్నం ఆగితే మోదుగ కింద నీడుండేది కాదు. ఆకంతా ఒక్కసారే దులిపేసి, ఎర్రపూలు పెట్టుకుని నిలబడేది. వాక్కాయ పక్కన మాత్రం ఏ నెలలోనైనా నా పొట్టకు సరిపడా నీడ."

"మరి దాని కింద ఆ ఎండుటాకులు?"

"అది రోజూ రెండు రాలుస్తుంది, నాలుగు తొడుగుతుంది. అందుకే ఎప్పుడూ బోసిపోదు."

ఫాల్గుణం! పిల్లలు బయటికొచ్చే నెల! నక్క ఎత్తు కోడికి తెలిసిపోయింది. ఈకలు దులుపుకుని మళ్లీ గట్టు మీదికి ఉరికింది.

"నక్కన్నా, నీ మాటే ఖాయం! కానీ నా గోళ్లు చిన్నవి. చాటు నీకూ కావాలన్నావుగా, గోతులు నువ్వు తవ్వు."

"తవ్వుతాను, చెల్లెమ్మా!"

వానలో, బురదలో, ఈ చివర నుంచి ఆ చివరకు రెండు వరుసలు తవ్వింది నక్క.

"ఇంకాస్త లోతు, అన్నా."

"ఇది చాలదూ?"

"చాటు పలచబడితే నీ ఒట్టు ఆగదు మరి! ఇక చెట్లు ఎదిగేదాకా ఇటు చూడకు."

"చూడను! మూడో ఏటి ఫాల్గుణం దాకా చూడనే చూడను!" అనేసి నక్క నాలుక కరుచుకుంది. కోడి విననట్టు పురుగులు ఏరుకుంది.

నక్క కుంటుకుంటూ వెళ్లగానే కోడి గోతికి రెండు పండు వాక్కాయలు వేసింది. ఎద్దు గిట్టలతో మట్టి తోసి, మెల్లగా తొక్కింది.

మూడు వానాకాలాలు పోయి ఫాల్గుణం వచ్చింది. గట్టు మీది మోదుగకు ఒక్క ఆకు లేదు. అది చూసి నక్క మూతి నాక్కుంటూ వచ్చింది. కియ్ కియ్! దొడ్లో పదమూడు గొంతులు! కానీ ఎదురుగా, నేలనుంచి ఎద్దు వీపెత్తున పచ్చటి గోడ. అటు చూసింది, ఇటు చూసింది. సందు లేదు. ఆగలేక మూతి దూర్చింది.

కెవ్వు! ముళ్లు ముక్కులో దిగాయి, మీసాలకు జిగటపాలు అంటుకున్నాయి.

"మోదుగ అన్నావే, చెల్లెమ్మా!"

"ఆకు రాల్చని చెట్టు కావాలన్నాను, అన్నా! గోతులు భలే తవ్వావు, ఒక్క మొక్కా చావలేదు. ఒట్టు ఎలా ఉంది?"

లోపలి నుంచి ఎద్దు నింపాదిగా అంది: "లోతు కూడా సరిగ్గా సరిపోయిందిరా."

వానల్లో అందరూ పచ్చగానే కనబడతారు పిల్లలూ, ఎండల్లో నీడ ఇచ్చినవాణ్ణే నమ్మండి.

ఇక లేవండి! వాక్కాయ పప్పు తాలింపు వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఎవరింట్లోదో వెతుక్కుంటూ పోయి, చేతులు కడుక్కుని అన్నాలు తినండి.