గేదె జరిపిన సరిహద్దు

నాకు గొప్పలు చెప్పుకోవటం చేతకాదర్రా. ఇంత అణకువ మన వంశంలో ఇంకెవరికీ లేదు, కావాలంటే మీ తాతనడగండి. సరే, వినండి.

అనగనగా ఒక ఊరు. ఊరంటే ఊరా? ఇవతల పదిళ్ళ పేట, అవతల పదిళ్ళ పేట, మధ్యలో ఒకటే బావి. ఇవతలి పేటలో గవరమ్మని ఓ కోడలుపిల్ల ఉండేది. మహా పట్టుదల మనిషి.

ఒకనాడు ఇద్దరు రాజులు రాజ్యాలు పంచుకున్నారట. కొలతల కరణం వచ్చి, గవరమ్మ గుమ్మం ముందే రాజముద్ర వేసిన గుంజ పాతించాడు. గుంజ ఎక్కడుంటే హద్దు అక్కడే, ఎనిమిదో నాడు సున్నం గీత పోస్తాం, దాటినవాళ్ళకి కొరడా దెబ్బలేనని చాటించి పోయాడు. బావేమో అవతల పడిపోయింది!

ఊరొదిలి పోదామంది అత్త. చస్తే పోనంది గవరమ్మ.

ఏం చేసిందీ? గేదెను తీసుకెళ్ళి ఆ గుంజకే కట్టింది. చుట్టూ గడ్డి అయిపోతే గుంజ పీకి ఇంకాస్త ముందు పాతుకోవటం మనకలవాటేగా! గేదె మేసింది, గడ్డి అయిపోయింది. గడ్డి అయిపోయింది, గుంజ జరిగింది. గుంజ జరిగింది, హద్దు జరిగింది. కాపలా భటులు చూశారు గానీ, ఎవరో ఇల్లాలు గేదెను మేపుకుంటోందనుకున్నారు. ఊ కొట్టరేం? పడుకున్నారా?

ఆరో నాటికి గుంజ బావి దాటేసింది. బావంతా మనదేనని అత్త మురిసిపోయింది. అప్పుడొచ్చింది అవతలి పేట సీతాలు, ఖాళీ బిందెతో.

"ఏమే గవరమ్మా, గడ్డి మేసింది చాలక మా నోట్లో మట్టి కూడా కొట్టిందా మీ గేదె?"

గవరమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు. అత్త తిడుతున్నా వినకుండా గుంజ పీకి, వెనక్కి తెచ్చి, హద్దు బావి నడిమధ్యగా పోయేటట్టు ఒరకు ఆనించి పాతింది.

ఎనిమిదో నాడు కరణం సున్నం పోయించుకుంటూ వచ్చి బావి దగ్గర ఆగిపోయాడు.

"ఈ గుంజ ఇక్కడ పాతించానా నేను?"

"రాజముద్ర గుంజ కదండీ! తప్పుచోట పాతించానని రాజుగారికి మీరే చెప్పండి" అంది గవరమ్మ.

కరణం మెడ తడుముకున్నాడు. గీత బావి మీదుగా పొయ్యమన్నాడు.

"తాగే నీళ్ళలో సున్నం పోస్తారా! ఆ నీళ్ళ మీద వేలితో గీసి చూపించండి బాబూ. ఆ గీత నిలిస్తే, దాటి చుక్క కూడా తోడం."

కరణం గీత ఒర దగ్గర ఆపించి, అవతలి ఒర నుంచి మళ్ళీ మొదలెట్టించాడు.

బావికి రెండు గిలకలు పడ్డాయి, ఇటొకటి, అటొకటి. నీళ్ళుంటే బండ్లు ఆగాయి, బండ్లు ఆగితే సంత వెలిసింది, సంత వెలిస్తే ఊరు పెరిగింది. ఆ ఊరే జంటగిలకలు. రాజులు మారారు, గీతలు మళ్ళీ మళ్ళీ పోశారు. ఏ గీతైనా బావి దగ్గరకొచ్చి ఆగాల్సిందే. అందరూ కడుపారా తాగి చల్లగా ఉన్నారు. మన గొంతు ఎండినప్పుడే పక్కవాడి గొంతూ ఎండుతుందర్రా, అదీ సంగతి.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి. నేనా? సగం వదులుకోవటం నాకింకా రాలేదు. పొద్దున పక్కింటావిడ కరివేపాకు అడిగితే లేదన్నాను. చెట్టు ఆవిడ కళ్ళ ముందే ఉంది.