ఎండుటాకు పళ్ళెం

కాంగో అడవిలో మిట్టమధ్యాహ్నం కూడా వెలుతురు పాచినీళ్ళ రంగులోనే ఉంటుంది. ఆ మసకలో ఒక తెల్లటి సంచి వేలాడుతోంది. గాలి లేదు. అయినా సంచి మెల్లగా తిరుగుతోంది.

దాన్ని కట్టింది లెక్కలవాళ్ళు. అడవిలో ఎన్ని రకాల సీతాకోకచిలుకలున్నాయో తేల్చుకోవడానికి వచ్చిన మనుషులు. వలగుడ్డ సంచి పైన మూసి, అడుగున తెరిచి ఉంటుంది. ఆ నోటి కింద, సంచికే వేలాడే పళ్ళెంలో కుళ్ళిన అరటిపండు. తిన్న సీతాకోకలు పైకెగిరి వలలో చిక్కుతాయి. పొద్దున్నే మనుషులు వచ్చి, రెక్కమీద రంగు చుక్క పెట్టి వదిలేస్తారు. అంతకుమించి హాని లేదు.

ఈ సంచిలోకి వెళ్ళినవి మాత్రం తిరిగి రావడం లేదు.

పండుటాకమ్మ అనే సీతాకోక రెక్కలు మూస్తే అచ్చం ఎండిన ఆకే. ఆమె చెల్లెలు నీలాలుకి మాత్రం రెక్కలూ ఆగవు, నోరూ ఆగదు.

"అబ్బ, ఏం వాసనే అక్కా! రేపు నేనూ వెళ్ళి చుక్క పెట్టించుకుంటా."

"అందులోంచి చుక్కతో వచ్చినవాళ్ళను ఒక్కరిని చూపించు."

"తిండి బాగుండి అక్కడే ఉండిపోయారేమో! నీకు అన్నీ అనుమానాలే."

ఆమెతో వాదించి లాభం లేదని పండుటాకమ్మ సంచి కిందికి దిగింది. అక్కడ ముసలి గోదురుకప్ప తాత బురదలో కూర్చుని ఉన్నాడు.

"నా నెత్తిమీద రోజూ రెక్కలు రాలుతున్నాయమ్మాయ్," అన్నాడు తాత. "ఉత్త రెక్కలే. మధ్యలో ఒళ్ళుండదు."

"సంచి అడుగునుంచేనా తాతా?"

"ఇంకెక్కడినుంచి? అదొక్కటేగా తెరిచి ఉంది."

పండుటాకమ్మ తల ఎత్తి చూసింది. చచ్చినవాళ్ళకు దొరికిన దారి బతికున్నవాళ్ళకు దొరకలేదన్నమాట.

అప్పుడు సంచి తెలుపులో కొంత భాగం కదిలింది. రెండు కళ్ళు తెరుచుకున్నాయి. ఒకటి ఆమెను చూస్తోంది. ఇంకొకటి, దూరంగా కొమ్మమీదున్న నీలాలుని.

"ఏమే పిల్లా, ఆశ్చర్యపోతున్నావా?" అన్నాడు ఊసరవెల్లి. "మీవాళ్ళకు భయమేస్తే పైకే ఎగురుతారు. నేను పైనే కూర్చుంటాను. వెతుక్కునే పని కూడా లేదు."

ఆ సాయంత్రం మనుషులు మరోసారి వచ్చి ఖాళీ సంచిని చూసి తల గోక్కున్నారు. "ఇక్కడ ఏమీ పడటం లేదు. రేపు పొద్దున చెట్ల తలలు దాటేలా పైకి లాగి కడదాం," అనుకున్నారు. పండుటాకమ్మ పక్క కొమ్మమీద ఆకులా కూర్చుని అంతా విన్నది.

తెల్లారి మనుషుల అడుగుల చప్పుడు వినపడగానే ఆమె పళ్ళెంలో రాలిన ఎండుటాకుల మధ్య వాలింది.

"మామా, వచ్చాను. దమ్ముంటే పట్టుకో."

"పట్టుకోవడమెందుకు? నువ్వే వస్తావు పైకి," అని నవ్వాడు ఊసరవెల్లి.

చప్పుడు దగ్గరైంది. ఒళ్ళంతా పైకి, పైకి అంటోంది. పండుటాకమ్మ కదలలేదు. ఊసరవెల్లి ఇంకా తెల్లబడి, నోరు తెరిచి కాచుకున్నాడు. మనుషులు రాకముందే రోజూ దాటిపోయే కొమ్మను మరిచే పోయాడు.

తాడు ఒక్కసారిగా బిగిసింది. పళ్ళెం ఒరిగింది. ఆకులన్నీ జారాయి. వాటితోపాటు, రెక్క విప్పకుండా, ఆమె కూడా.

"ఎక్కడికే! పైకి రావేం?"

"ఆకు పైకి రాలుతుందా మామా?"

సంచి పైకి పోయింది. కొమ్మలన్నీ కిందనే ఉండిపోయాయి. పచ్చటి అడవి మీద, ఎండలో, సంచిలో ఒక మూల మాత్రం బరువుగా, మరీ తెల్లగా మెరుస్తోంది. ఒక పెద్ద గద్ద నీడ దానిమీదుగా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నానికి గోదురుకప్ప నెత్తిమీద చిరిగిన వలగుడ్డ ముక్కతోపాటు ఏదో పడింది.

"ఈసారి రెక్కలు కాదమ్మాయ్. తోక."

నీలాలు ఆ రోజు అరటిపండు మాటెత్తలేదు.

ఎదుటివాళ్ళ అలవాటునే వలగా వాడుకునేవాడికి తన అలవాటు తనకు వలైన సంగతి తెలియదు.