సింగమ్మ పలచని కల్లు

పూర్వం గుమ్మడూరు సంస్థానంలో సింగమ్మ అనే ఆవిడ రాగులు పులియబెట్టి కల్లు చేసి కోతల కూలీలకు అమ్ముకునేది. తాగినవాళ్లు మళ్లీ కొడవలి పట్టాలి కాబట్టి మత్తు తక్కువగా ఉండేలా, రుచి మాత్రం పోకుండా ఓపిగ్గా చేసేది.

ఒకరోజు దండనాయకుడు వీరమల్లప్ప ఆ దారిన పోతూ ఓ ముంత తాగి, "తలకెక్కనిదానికి రుచేమిటి? ఈవిడ నీళ్లు అమ్ముతోంది, దుకాణం మూయించండి" అని రాజుగారికి చెప్పాడు. సింగమ్మ బతుకంతా ఆ కుండలే.

ఆమె కొలువుకు వెళ్లి, "ప్రభూ, దండనాయకులవారు మెచ్చే ఘాటు కల్లు ఒక ముంత, నాది ఒక ముంత వారికే ఇప్పించండి. పక్కన వేయించిన చేపలు పెట్టించండి" అని వేడుకుంది.

వీరమల్లప్ప ఘాటు కల్లు గటగటా తాగి, మొహం చిట్లించి, గబుక్కున చేపముక్క నోట్లో వేసుకున్నాడు. తర్వాత సింగమ్మ కల్లు మెల్లగా చప్పరించి ముంత ఖాళీ చేశాడు.

"మొదటిదే రుచి" అన్నాడు.

"ప్రభూ, దాని రుచి పోగొట్టుకోవడానికి వారికి చేప కావలసి వచ్చింది. నాది తాగాక పళ్లెం వైపు చూడనైనా లేదు" అంది సింగమ్మ.

రాజు నవ్వి, దుకాణం జోలికి ఎవరూ పోకూడదన్నాడు.

వీరమల్లప్ప పళ్లెం వైపు చూశాడు.

"ఇన్నేళ్లూ నాకు కల్లంటే ఇష్టమనుకున్నానమ్మా" అన్నాడు నెమ్మదిగా. "ఇష్టం చేపలంటేనన్నమాట."